మూడో వరుస

స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల దగ్గర నుంచి

గడుగ్గాయికి,

నీ దరఖాస్తు అందింది. "లాటిన్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?" అని అడిగిన చోట "మా అక్క ఏడుస్తోంది కాబట్టి" అని రాస్తావుటే? నేనెక్కడ ఏడ్చాను? జలుబు చేసి ఫోనులో అలా వినిపించింది, అంతే. ఆ లైను కొట్టేసి "భాష మీద ఆసక్తి" అని నేనే రాసి ఆఫీసుకి పంపాను.

నీతో ఎనిమిది మంది అయ్యారు. ఒక్కరు తగ్గినా ఈ తపాలా తరగతి ఎత్తేస్తామని ప్రిన్సిపాలుగారు మొహమాటం లేకుండా చెప్పారు. బడిపిల్లలకి లాటిన్ తీసేసి చాలా కాలమైంది కదా, ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే నన్ను హాస్టల్ స్టోరుకి వేస్తారు. దుప్పట్లూ సబ్బులూ లెక్కపెట్టి పంచే పని. ఉద్యోగం ఉంటుంది, పాఠం ఉండదు. నువ్వు చేరావు కాబట్టి ఈ ఏడాదికి గండం గడిచింది. నోటితో చెప్తే నెత్తికెక్కుతావని కాగితం మీద చెప్తున్నాను: థాంక్సే.

ఇక పాఠం. మనం తెలుగులో చదవాలని ఉంది, చదవగలను, చదవాలి అని ఒకే మాటకి రకరకాల తోకలు తగిలిస్తాం. లాటిన్‌లో అలా కాదు. "లెగెరె" అంటే చదవడం. దాన్ని కదపరు. పక్కన ఇంకో మాట తెచ్చి నిలబెడతారు. "లెగెరె వోలో" అంటే చదవాలని ఉంది. "లెగెరె పోస్సుమ్" అంటే చదవగలను. "లెగెరె దేబెయో" అంటే చదవాలి, తప్పదు. ఎవరు, ఎప్పుడు అన్న బరువంతా పక్కమాటదే. "లెగెరె" మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, పెళ్ళిలో పెద్దమ్మలాగా.

ప్రతి పదిహేను రోజులకీ నాకు మూడు వరుసలు రావాలి. మొదటి వరుసలో నీకు చేయాలని ఉన్నది, రెండో వరుసలో చేయగలిగినది, మూడో వరుసలో చేయక తప్పనిది. ఒక్కటే షరతు. నిజమే రాయాలి. వ్యాకరణం ఎంత బాగున్నా అబద్ధం రాస్తే సున్నా. ఎందుకంటావా? నిజం చెప్పాలనుకున్న మనిషికి తన మాట తనే వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ వెతుకులాటలోనే భాష వస్తుంది. పాతికేళ్ళుగా ఇదే నా పద్ధతి.

అంతా చేత్తో రాసి పోస్టులోనే పంపాలి. అది ఆఫీసు నిబంధన. ఫోను చేయకు. ఫోనులో మనిద్దరం రెండు నిమిషాలు దాటితే ఏదో ఒక గొడవ వస్తుంది.

నీ
అక్క

*

కళ్ళజోళ్ళ షాపు, కౌంటరు వెనక నుంచి

మహారాణీ టీచరక్కకి,

నిన్ను కాపాడదామని చేరితే నన్నే బల్లెక్కి నిలబడమంటున్నావు. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించి మొట్టికాయలు వేసినప్పటి చెయ్యి ఇంకా దురద పోలేదా నీకు?

ఇక్కడ తల గోక్కోవడానికి తీరిక లేదు. మీ మరిది లోపల గదిలో అద్దాలు అరగదీస్తుంటాడు. బయట పనంతా నాదే. చూపు పరీక్ష, ఫ్రేములు చూపించడం, ముక్కు మీద ఆనే రబ్బరు మార్చడం, ఊడిపోయిన మరలు బిగించడం. ఆ మర ఎంతుంటుందో తెలుసా? కింద పడితే ఆ పూట షాపంతా మోకాళ్ళ మీదే. పొద్దున ఒకావిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు పోయిందని వచ్చింది. నవ్వాపుకుని వెతికినట్టు నటించి ఆవిడ నెత్తి మీదనుంచే తీసిచ్చాను.

నువ్వు పాఠంతో పంపిన మాటలన్నిటి చివరా ఆ "రె" ఏమిటే? లెగెరె, స్క్రీబెరె, దోర్మీరె. ఎవరో ఒరే ఒరే అని పిలుస్తున్నట్టే ఉంది.

సరే, నా మూడు వరుసలూ వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. సముద్రంలో ఈదాలని ఉంది. తీయగా పాడగలను. అక్కకి ఉత్తరం రాయాలి. ఎంతసేపు పట్టిందని అడగకు. మార్కులు వేసి పంపు, చాలు.

నీ చెల్లి

*

స్టాఫ్ రూము నుంచి

చెల్లీ,

మూడు వరుసలూ చూశాను. ఒక్క తప్పు లేదు. మూడు ఎర్ర టిక్కులు పెట్టి ఫైల్లో పెట్టాను. సముద్రమంటే నీకింత ఇష్టమని నాకు తెలియదు.

మిగతా వాళ్ళవీ వచ్చాయి. మొక్కల నర్సరీ నడిపే ఆవిడకి అన్నీ నాటాలనే ఉంది, నాటగలదు, నాటాలి. సమాధి రాళ్ళు చెక్కే ఆయన మూడు వరుసలూ రాయి మీద చెక్కినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. పేజీ అయిపోయి మూడోది కవరు మీదికి వెళ్ళింది.

అందరిలోకీ నాకు ఇష్టమైన విద్యార్థి మాత్రం రైలు గార్డుగారు. రిటైరయ్యాడు. ఆయన భార్య చర్చి బృందగానంలో పాడేదట. ఆవిడ పోయాక, ఇంట్లో వంట చేస్తూ పాడుకున్న లాటిన్ మాటలు ఈయన చెవిలో ఉండిపోయాయి, అర్థం తెలియదు. అది తెలుసుకోవడానికి చేరాడు. మొదటి వరుసలో "నిద్రపోవాలని ఉంది" అని రాశాడు. కొట్టేసి మళ్ళీ రాశాడు. మళ్ళీ కొట్టేసి మళ్ళీ రాశాడు. మూడుసార్లూ మూడు రకాల తప్పులు. ఆయనకి పది మార్కులిచ్చాను.

ఒక పార్సెలు పంపుతున్నాను. నేను కాలేజీలో వాడిన నిఘంటువు. అట్ట ఊడితే అమ్మ గుడ్డ అతికించి కుట్టింది, గుర్తుందా? నువ్వు ఇంత శ్రద్ధగా చదువుతుంటే అది నా బీరువాలో ఊరికే పడుండటం ఏం బాగుంటుంది?

అక్క

*

షాపు నుంచి

అక్కా,

పార్సెలు వచ్చింది. ఎందుకే అంత విలువైనది నాకు? అమ్మ కుట్టు వేలితో తడిమి చూశాను. కౌంటరు కింద జాగ్రత్తగా పెట్టాను. నిజంగా, నువ్వు పంపకుండా ఉండాల్సింది. నేనేమంత చదివేస్తున్నానని.

ఈసారి వరుసలు పంపుతున్నాను. రాజుగారిని చూడాలని ఉంది. గుర్రం ఎక్కగలను. శత్రువులతో పోరాడాలి. తొందరలో రాశాను. నువ్వేమీ అనుకోకు, మార్కులు తక్కువైనా పరవాలేదు. ఫైల్లో పెట్టకుండా నీ దగ్గరే ఉంచుకున్నా పరవాలేదు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? మోకాలికి ఆ నూనె రాస్తున్నావా? నీ మాటల్లో అలసట కనిపిస్తోంది. కళ్ళు మంటగా ఉంటే చెప్పు, కొత్త అద్దాలు వేయించి పంపుతాను. నేను చేయగలిగింది అదొక్కటే.

చెల్లి

*

స్టాఫ్ రూము నుంచి

చెల్లీ,

నువ్వు గుర్రం ఎక్కగలవు. మంచిది. మూడు టిక్కులు.

నా ఆరోగ్యానికేం, బానే ఉన్నాను. చెప్పాల్సింది వేరే ఉంది.

ఆఫీసు నుంచి ఒక పరిశీలకుడు వచ్చి ఫైలు తిరగేశాడు. నీ కాగితాల దగ్గర ఆగిపోయాడు. "ఇంత బాగా రాసేవాళ్ళున్నారా? ఇవి బోర్డు మీద పెట్టండి" అన్నాడు. ప్రిన్సిపాలుగారు కూడా పక్కనే నిలబడి తల ఊపారు. నేను పెట్టాను. నాలుగు పిన్నులు గుచ్చి నీ ఆరు వరుసలూ తరగతి గది గోడ మీద పెట్టాను.

నెలాఖరు శనివారం ఇక్కడివాళ్ళు వచ్చి దిద్దిన కాగితాలు తీసుకెళ్తారు కదా. గార్డుగారు వచ్చాడు. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి నీ వాక్యాలు ఎక్కించుకున్నాడు. "ఈవిడ కూడా నాతో పాటే చేరిందా అమ్మా?" అని అడిగాడు. అవునన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన వరుసలు రాలేదు. దానికి బదులు ఒక చీటీ వచ్చింది. "అమ్మా, నేను మానేస్తున్నాను. మిగతావాళ్ళు ఎంత ముందుకెళ్ళారో కళ్ళారా చూశాను. నాలాంటి మొద్దు వల్ల మీ తరగతికి చెడ్డపేరు రాకూడదు. మా ఆవిడ ఏం పాడిందో తెలియకపోయినా పాడటం విన్నాను కదా, అది చాల్లెండి." ఉన్నది ఉన్నట్టు ఇదే రాశాడు.

ఆయన పోతే ఏడుగురు. ఏడుగురైతే ఏమవుతుందో నీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. కానీ నన్ను తినేస్తున్నది అది కాదు.

నువ్వు ఆయనకొక ముక్క రాయి. తోటి విద్యార్థిగా. నువ్వు ఎలా నేర్చుకున్నావో, మొదట్లో నీకూ ఎన్ని తప్పులొచ్చాయో రాయి. నా మాట వినడు, నీ మాట వింటాడు. అడ్రసు వెనక రాశాను.

అక్క

*

షాపు నుంచి

అక్కా,

నేను రాయలేను. ఆయనకి నేను ఏం రాయను?

నీ ఉత్తరం కౌంటరు మీద పెట్టుకుని మూడు రోజులు దాని మీదే మరలు బిగించాను. ఇక దాచలేను. ఆ వరుసలు నేను రాసినవి కావు. ఒక్కటి కూడా కాదు. ఫోనులో ఉన్న ఏఐని అడిగితే లాటిన్‌లో రాసిచ్చింది, చూసి ఎక్కించాను. మొదటిసారి కస్టమరు కూర్చుని ఉండగానే రాసేశాను. రెండోసారి రాజుగారో గుర్రమో కూడా చూసుకోలేదు. నువ్వు పంపిన నిఘంటువు ఈ రోజు వరకూ తెరవలేదు. దాని మీద బిల్లుబుక్కు పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా.

నేనేమనుకున్నానో తెలుసా? నీకు కావాల్సింది ఎనిమిదో పేరు. పేరు ఇచ్చాను. వరుసలు ఎలా వస్తే ఏం, ఫైలు నిండితే చాలు కదా, అక్క ఉద్యోగం నిలబడుతుంది కదా అనుకున్నాను. నీకు సాయం చేస్తున్నానని లోపల్లోపల గొప్పగా కూడా ఉండేది. నిఘంటువు వచ్చిన రోజు ఆ గొప్ప పోయింది. అప్పుడైనా చెప్పాల్సింది. "ఫైల్లో పెట్టకు" అని గొణిగాను తప్ప నోరు తెరవలేదు.

నిన్న షాపుకి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం చూపు కాగితం కావాలి. వరసలో కూర్చుని ముందువాళ్ళు చదువుతుంటే విన్నాడు. తన వంతు రాగానే బోర్డు మీద అక్షరాలు పైనుంచి కింది దాకా గడగడా చెప్పేశాడు. అన్నీ కరెక్టే. కానీ చివరి వరుస అంత వేగంగా ఎవరూ చదవరక్కా. కళ్ళు చిట్లిస్తారు, మెడ సాగదీస్తారు, ఒక అక్షరం తప్పు చెప్పి దిద్దుకుంటారు. ఈయన అసలు తడుముకోలేదు. నేను బోర్డు తిప్పి రెండో వైపు పెట్టాను. మొదటి పెద్ద అక్షరం తప్ప ఏదీ కనబళ్ళేదు ఆయనకి. నేను ఊరుకున్నానా? "రేపు రోడ్డు మీద ఎవరైనా అడ్డం వస్తే వాళ్ళని కూడా కంఠతా పడతారా?" అని అందరి ముందూ కడిగేశాను. ఆయన తల దించుకున్నాడు. తల దించుకుని, "పని పోతుందమ్మా" అన్నాడు.

ఆయన్ని మళ్ళీ రమ్మని పంపేశాను. నేను ఎవరిని తిడుతున్నాను? నేను చేసింది అదే కదా. పైగా ఆయన తన ఒక్కడి పని కోసం చేశాడు. నా అబద్ధం గోడెక్కి కూర్చుని, నిజం రాసిన ముసలాయన్ని బయటికి గెంటింది.

ఆ బోర్డు మీదివి తీసేయ్ అక్కా. ఈ ఉత్తరం చదవగానే తీసేయ్. నన్ను తిట్టు. గార్డుగారికి నా మాటగా కాదు, నీ మాటగా చెప్పు, ఆవిడ దొంగ అని. నీ తరగతిని కాపాడదామని చేరి నా చేతులతో నేనే ముంచాను.

చెల్లి

*

తరగతి గది, ఖాళీ బోర్డు ఎదురుగా కూర్చుని

చెల్లీ,

తీసేశాను. పిన్నుల చిల్లులు నాలుగు మిగిలాయి, చూస్తూనే ఉన్నాను.

నిన్ను తిట్టమన్నావు. తిట్టే మొహం నాకు లేదు. నాకు మొదటి కాగితం చూసినప్పుడే తెలుసు.

బడి ఈతకొలను మెట్ల దగ్గర ఇనప కడ్డీ రెండు చేతులతో పట్టుకుని "అక్కా, నన్ను దింపొద్దే" అని నువ్వు పెట్టిన కేకలు నేను మర్చిపోతానా? ఇప్పటికీ షవరు కింద తల పెట్టవు. సముద్రంలో ఈదాలని ఉందట! ఇక పాట సంగతి. నువ్వు రాగం ఎత్తుకుంటే నాన్న రేడియో కట్టేసేవాడు కాదు, సౌండు పెంచేవాడు. తీయగా పాడగలవట! ఆ రెండు వరుసలూ చదివి పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇది సున్నా అని నా చెయ్యికి తెలుసు. అదే చేత్తో టిక్కు పెట్టాను.

సున్నా వేస్తే నువ్వు విసుక్కుని మానేస్తావని భయం. మానేస్తే ఏడుగురు. ఏడుగురైతే దుప్పట్లు. అంతే, ఇంకేం లేదు. దరఖాస్తులో నువ్వు నిజం రాస్తే దాన్ని కూడా నేనే కొట్టేశాను కదా. అసలు మొదలుపెట్టింది నేనే. నిఘంటువు ఎందుకు పంపానో తెలుసా? దాన్ని చూసి నీకే సిగ్గేస్తుందని, నేను అడగక్కర్లేకుండా నువ్వే చెప్పేస్తావని. అమ్మ కుట్టిన అట్టని అలా ఎర వేశాను. ఎంత చవకబారు పని! చివరికి గార్డుగారికి రాయమని నిన్నే అడిగాను. నువ్వు రాస్తే నా అబద్ధం ఇంకొంత కాలం నిలబడుతుందని. రాయలేనన్నావు. మనిద్దరిలో నువ్వే నయం.

నిన్న గార్డుగారింటికి వెళ్ళాను. చెప్పాను. నీది, నాది, రెండూ. ఆయన నీ వాక్యాలు ఎక్కించుకున్న కాగితం తీసి చూశాడు. తర్వాత, "అయితే ఆవిడ నాకంటే వెనకుందా అమ్మా?" అన్నాడు. చాలా వెనక అన్నాను. "ఓహో" అని లేచి వెళ్ళి టీ పెట్టాడు. నా వైపు మాత్రం చూడలేదు. గుమ్మం దగ్గర, "నా పది మార్కులు కూడా అట్లాంటివేనా?" అని అడిగాడు. కాదండీ, అవొక్కటే అసలైనవి అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. నమ్మకపోతే తప్పు ఆయనది కాదు.

అక్కడి నుంచి తిన్నగా ప్రిన్సిపాలుగారి గదికి వెళ్ళి, ఎనిమిదో విద్యార్థి కాగితాలు సొంతంగా రాసినవి కావు, ఆ సంగతి తెలిసే నేను మార్కులు వేశాను అని రాసిచ్చాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మీరా?" అంది. అంతే.

తరగతి ఎత్తేశారు. సోమవారం నుంచి నేను స్టోరులో ఉంటాను.

అక్క

*

షాపు నుంచి

అక్కా,

నీకు తెలుసా! తెలిసి కూడా అడగలేదా! నేను ఇక్కడ తిండి సహించక, మీ మరిది మీద అరిచి, అద్దం జారవిడిచి పగలగొట్టి, కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే నువ్వు అక్కడ "గుర్రం ఎక్కగలవు, మంచిది" అని రాస్తావా? ఒక్క మాట అడిగితే ఏం పోయేది? "ఒసేయ్, ఇది నీదేనా?" అంటే చాలు కదా! నిన్ను ఫోనులో తిడదామని నంబరు నొక్కి, మళ్ళీ పెట్టేశాను. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టవు గొడవకి.

కోపం ఇక్కడితో సరి. రెండు రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను.

నువ్వు స్టోరులో దుప్పట్లు మడతపెడుతున్నావంటే నాకు చెయ్యి ఆడటం లేదు. నేను చేరకపోయినా అది జరిగేది. కానీ అప్పుడు నువ్వు తల ఎత్తుకుని వెళ్ళేదానివి. ఆ "మీరా?" అన్న మాట నీకు పడేది కాదు. దానికి కారణం నేను. ఇది నువ్వు కాదన్నా నేను ఒప్పుకోను.

గార్డుగారికి రాశాను. నాలుగు లైన్లే. "తోటి విద్యార్థిని కాదండీ, దొంగని. మీ కాగితం ఎప్పుడూ చూడలేదు, కానీ మీరు రెండుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశారని మా అక్క చెప్పింది. నాకు అది ఎలా చేయాలో నేర్పండి" అని.

నిఘంటువు తెరిచాను. వాసన మన పాత ఇంటి గూటిదే. ఇదిగో, ఈ మూడు వరుసలకి రెండు సాయంత్రాలు పట్టింది. తరగతి లేదు, ఫైలు లేదు, నాకు తెలుసు. అయినా దిద్దు.

ఈదాలని లేదు. పాడలేను. క్షమాపణ అడగాలి.

మూడోది నాకు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. "క్షమాపణ" దొరికింది, "అడగడం" దొరకలేదు. నాలుగు రకాల అడగడాలున్నాయి అందులో. దారి అడగడం ఒకటి, ధర అడగడం ఇంకొకటి. ఏది పెట్టాలో తెలియక అన్నీ రాసి అన్నీ కొట్టేశాను. కాగితం చిరిగింది. వెనకనుంచి టేపు వేశాను.

ఇంకొకటి. పాతికేళ్ళుగా అందరి చేతా మూడు వరుసలు రాయిస్తున్నావు. నీ మూడు వరుసలు ఎవరైనా చూశారా? ఈసారి నువ్వు రాసి పంపు. నిజమే రాయాలి.

చెల్లి

*

హాస్టల్ స్టోరు, సబ్బుల అలమారా పక్కనుంచి

ఒసేయ్ గడుగ్గాయ్,

నీ కాగితం దిద్ది పంపుతున్నాను. మూడు వరుసల్లో అయిదు తప్పులు. మొదటిది దాదాపు బాగానే ఉంది. రెండోదాంట్లో నిన్ను నువ్వు ఒక గుంపుగా చెప్పుకున్నావు. మూడోదాంట్లో నువ్వు చివరికి మిగిల్చిన "అడగడం" ధర అడగడం. సరైనది "పెతెరె". పక్కన రాశాను చూడు. పది మార్కులు. ఇది నిజంగా గోడకి పెడదామంటే నాకిప్పుడు గోడ లేదు, నాలుగు వైపులా అలమారాలే. దుప్పట్ల అర లోపల అంటించాను. తలుపు తీసినప్పుడల్లా కనిపిస్తుంది.

స్టోరు పని కష్టమేం కాదు. సబ్బు ఇచ్చి సంతకం తీసుకోవడమే. మొదటి వారం పిల్లలు "మేడమ్, మీరు ఇక్కడేంటి?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగటం మానేశారు. అడిగినప్పుడే నయం అనిపిస్తోంది.

గార్డుగారు ఒకసారి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, "దుప్పటి కోసం కాదమ్మా" అన్నాడు. నువ్వు ఉత్తరం రాశావని చెప్పాడు. జేబులో కాగితాలేవో ఉన్నాయి, తీయబోయాడు. ఇక్కడ పాఠాలు చెప్పే హక్కు నాకు లేదండీ అని పంపేశాను. నీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది, హక్కు సంగతి కాదు. ఆయన కాగితం మీద ఇంకో టిక్కు పెట్టే ధైర్యం నాకు లేదు. నా టిక్కుకి విలువ ఏముందని?

నా మూడు వరుసలు అడిగావు. నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఇదిగో.

"దొకేరె వోలో." నాకు పాఠం చెప్పాలని ఉంది.

"దొకేరె పోస్సుమ్." చెప్పగలను. ఇన్ని జరిగాక కూడా అది మాత్రం చేతనవును.

మూడోది ఇన్నాళ్ళూ గంట కొట్టో, ఫైలు పంపో ఎవరో ఒకరు రాసిపెట్టేవారు. టైమ్ టేబుల్లో ఉంది కాబట్టి చెప్పాలి, తప్పదు. ఇప్పుడు గంట కొట్టేది స్నానాలకి. నేను పాఠం చెప్పి తీరాలని ఎవరూ అనుకోవడం లేదు. చెప్పాలి అని రాస్తే అబద్ధం. అబద్ధానికి సున్నా. ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చేయను.

అందుకని మూడో వరుస ఖాళీగా పంపుతున్నాను. ఏమీ అనుకోకు.

అక్క

*

షాపు నుంచి

అక్కా,

నీ కాగితం చూసి నాకు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఖాళీ వరుస పంపడానికి నువ్వెవరివే? మా అందరికీ మూడు వరుసలు, నీకు రెండా?

ఆ డ్రైవరు మళ్ళీ వచ్చాడు. ఈసారి బోర్డు నేరుగానే పెట్టి, "తెలిసినవి వద్దు, కనిపించినవే చెప్పండి" అన్నాను. కనిపించింది కొంచెమే. ఆ కొంచెం బట్టి అద్దాలు కట్టాం. పెట్టుకుని బయటికెళ్ళి, ఎదురు షాపు పేరు గట్టిగా చదివి, మళ్ళీ లోపలికొచ్చి నాకు దణ్ణం పెట్టాడు. నేనే ఆయనకి సారీ చెప్పాను. కనిపించదని ఒప్పుకున్న దగ్గరనుంచే అద్దం పని మొదలవుతుంది కదక్కా. నీ టిక్కుకి విలువ లేదంటావా? నా అయిదు తప్పులు పట్టుకున్న కళ్ళు ఎవరివి మరి?

నీ మూడో వరుస నేను నింపాను. మూడు మాటలే. "మే దొకేరె దేబేస్." నాకు నువ్వు పాఠం చెప్పాలి. తప్పదు. ఇది నిజమో కాదో నువ్వే చూసుకో.

నీకు పంపేముందు తప్పులుంటాయేమోనని గార్డుగారికి పంపి చూసి పెట్టమన్నాను. ఆయన "మే" కొట్టేశాడు. కొట్టేసి, మళ్ళీ ఏదో రాసి, అదీ కొట్టేసి, చివరికి దాని మీద "నోస్" అని పెట్టాడు. మాకు అని. కింద నర్సరీ ఆవిడ చేత, రాళ్ళు చెక్కే ఆయన చేత కూడా సంతకాలు పెట్టించాడు. రాళ్ళాయన సంతకం మళ్ళీ కవరు మీదికి వెళ్ళింది. ఆ కాగితమే ఇందులో పెట్టాను. దిద్దుబాటు కరెక్టో కాదో ఆయనకి తెలియదట. నువ్వు చెప్పేదాకా నిద్రపట్టదన్నాడు.

దిద్ది పంపు.

నీ చెల్లి